అంతర్జాలంలో తెలుగు సమష్టి రచన: సారపాక సరిహద్దు గ్రామాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

1990ల తొలినాళ్ల నుంచి అంతర్జాలంలో తెలుగువారు కూడిన వేదికలు భాషకు కొత్త రాత పద్ధతిని, కొత్త పదజాలాన్ని, కొత్త రచనా విధానాన్ని సమకూర్చాయి. ఈ కృషిని సాంకేతిక చరిత్రలో భాగంగా కాక తెలుగు సాహిత్య చరిత్రలో భాగంగా చూడవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గోదావరి కుడి గట్టున, భద్రాచలానికి ఎదురుగా ఉన్న సారపాకను, దాని చుట్టూ మారుతూ వచ్చిన పరిపాలనా సరిహద్దులను ఉదాహరణగా తీసుకుని, సమష్టి రచన ఒక ఊరి చరిత్రను ఎంతవరకు నిలపగలదో, ఎక్కడ ఆగిపోతుందో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సమష్టి రచన, తెలుగు వికీపీడియా, లిప్యంతరీకరణ, కైఫియతు, పాఠభేదం, కోయ భాష, సారపాక.

1. ఉపోద్ఘాతం

సాహిత్య చరిత్రకారులు రచయితను కేంద్రంగా చేసుకుని చరిత్ర రాయడం వాడుక. కవి కాలం, కృతిపతి, గ్రంథసంఖ్య, అవతారికలోని ఆధారాలు అనే చట్రంలోనే మన చరిత్ర గ్రంథాలు ఎక్కువగా వెలువడ్డాయి. ఈ చట్రంలో పేరులేని వారికి, పేరు ఉన్నా దాన్ని పుట మీద వేసుకోని వారికి చోటు తక్కువ. గడిచిన మూడు దశాబ్దాలలో అంతర్జాలంలో తెలుగు రాసినవారిలో పెద్ద భాగం ఈ కోవలోకే వస్తారు. వారు అక్షరాలను తెరపైకి తెచ్చారు, నిఘంటువులను ఎక్కించారు, ఊళ్ల గురించి రాశారు, ఇతరులు రాసినదాన్ని దిద్దారు. వీరి కృషి ఫలితాన్ని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ప్రతిరోజూ వాడుకుంటున్నాయి. కృషి జరిగిన తీరును మాత్రం పరిశోధనాంశంగా తీసుకోవడం అరుదు.

ఈ వ్యాసం మూడు ప్రశ్నలను ముందుంచుకుంటుంది. అంతర్జాల సమాజాలు తెలుగులో అంతకుముందున్న సమష్టి రచనా సంప్రదాయానికి కొనసాగింపా? వాటిలో రచన ఏ నియమాలతో సాగింది? సారపాక వంటి సరిహద్దు ఊరి చరిత్రను అవి నిలపగలిగాయా? చివరి ప్రశ్నకు దొరికే సమాధానం తెలుగు శాఖల బాధ్యతను కూడా స్పృశిస్తుంది కనుక దానికి ఎక్కువ చోటు కేటాయించడమైంది.

2. అంతర్జాలానికి ముందు సమష్టి రచన

పలువురు చేయి వేసిన రచన తెలుగుకు కొత్త కాదు. ఆంధ్ర మహాభారతం నన్నయ, తిక్కన, ఎర్రనల చేతుల మీదుగా 11వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం దాకా సాగి పూర్తయింది. భాస్కర రామాయణంలో భాస్కరుడు, మల్లికార్జున భట్టు, కుమార రుద్రదేవుడు, అయ్యలార్యుడు పాలుపంచుకున్నారు. అయితే ఇవి కవుల మధ్య పంపకాలు. మన చర్చకు మరింత దగ్గరగా ఉన్న నమూనాలు ఆధునిక కాలానికి చెందినవి.

మొదటిది కైఫియతులు. కాలిన్ మెకంజీ (1754–1821) ఆధ్వర్యంలో కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి తదితరులు గ్రామ కరణాల నుంచి, దేవాలయాల నుంచి, వృద్ధుల నుంచి స్థానిక చరిత్రలు సేకరించారు. ఊరివాళ్లు చెప్పగా వేరొకరు రాసుకున్న రచన అది. చెప్పినవారి పేర్లు చాలాచోట్ల మరుగునపడ్డాయి. సేకరణ మాత్రం మెకంజీ పేరుతో నిలిచింది. ప్రశ్న అడిగే అధికారం ఒక వైపు, జవాబు చెప్పే బాధ్యత మరొక వైపు ఉండడం దీని లక్షణం.

రెండవది విజ్ఞాన సర్వస్వం. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినవారిలో ముఖ్యుడైన కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని చేపట్టాడు. 1923లో ఆయన మరణించే నాటికి సంపుటాలు అకారాది పదాల దగ్గరే ఉన్నాయి. కాశీనాథుని నాగేశ్వరరావు తర్వాత దాన్ని కొనసాగించేందుకు పూనుకున్నాడు. ఒక వ్యక్తి దీక్షపై, ఒక ముద్రణాలయం శక్తిపై ఆధారపడిన విజ్ఞాన సర్వస్వం ఆ వ్యక్తితో పాటే కుంటుపడుతుందని ఈ అనుభవం తెలిపింది.

మూడవది గోలకొండ కవుల సంచిక. తెలంగాణలో కవులు లేరన్న వ్యాఖ్యకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలైన తన గోలకొండ పత్రిక ద్వారా సంస్థానంలోని కవులకు పిలుపునిచ్చాడు. ఊళ్ల నుంచి తపాలాలో వచ్చిన రచనలతో, వివరాలతో 354 మంది కవుల సంచిక 1934లో వెలువడింది. ఒక కొరతను బహిరంగంగా ప్రకటించడం, దాన్ని పూరించే పనిని పాఠకులకే అప్పగించడం, వచ్చినదాన్ని ఒక క్రమంలో కూర్చడం అనే మూడు దశలు ఇందులో స్పష్టంగా ఉన్నాయి. దాదాపు 70 ఏళ్ల తర్వాత తెలుగు వికీపీడియాలో కనిపించేది ఈ పద్ధతే. తపాలా స్థానంలో తెర వచ్చింది. సంపాదకుడి స్థానంలో ఎవరు వచ్చారన్నది తర్వాతి భాగాలలో చూద్దాం.

3. లిపి చుట్టూ ఏర్పడిన సమాజం

1990ల ఆరంభంలో అంతర్జాలాన్ని వాడిన తెలుగువారిలో అత్యధికులు అమెరికా విశ్వవిద్యాలయాలలోని విద్యార్థులు, అధ్యాపకులు, సాంకేతిక నిపుణులు. యూజ్‌నెట్‌లోని తెలుగు వార్తా సమూహం, తెలుసా వంటి ఉత్తరాల జాబితాలు వారికి కూడలి స్థలాలయ్యాయి. అక్కడ వారికి ఎదురైన తొలి సమస్య సాహిత్యానిది కాదు, అక్షరానిది. తెరపై తెలుగు లిపి లేదు. ఇంగ్లీషు అక్షరాలతో ఎవరికి తోచినట్టు వారు రాస్తే పద్యంలో హ్రస్వదీర్ఘాలు, ఒత్తులు, యతిప్రాసలు తెలియవు. ఛందస్సును చర్చించాలంటే ముందు వర్ణక్రమం కుదరాలి.

రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ విధానం ఈ అవసరం నుంచి పుట్టింది. చిన్నబడి, పెద్దబడి అక్షరాల తేడాతో దంత్య, మూర్ధన్యాలను వేరుచేయడం దాని ప్రధాన సూత్రం. చిన్నబడి ‘టి’ తకారానికి, పెద్దబడి ‘టి’ టకారానికి గుర్తు. అలాగే నకార ణకారాలు, లకార ళకారాలు విడిపోయాయి. దీనిని ఏ ప్రభుత్వమూ, ఏ భాషా సంస్థా ప్రకటించలేదు. రాసేవారు ఒప్పుకుని వాడడం వల్లనే అది ప్రమాణమైంది. ఇదే కాలంలో ముక్కవిల్లి లక్ష్మి తెలుగుటెక్ ద్వారా అచ్చుకు తగిన తెలుగు అక్షర కూర్పును సాధ్యం చేసింది. తర్వాత తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఖతులను రూపొందించి ఉచితంగా అందించాడు.

యూనికోడు తొలి కూర్పులోనే, 1991లో, తెలుగుకు స్థానం దొరికింది. సామాన్య కంప్యూటర్లలో అది కనిపించడానికి మరో పదేళ్లు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి అందుబాటులోకి వచ్చాక పరిస్థితి మారసాగింది. అప్పటికి తెలుగువారి వేళ్లకు అలవాటైన రాత పద్ధతి రైస్ విధానమే. అందుకే 2006లో వీవెన్ రూపొందించిన లేఖిని ఆ అలవాటును విడిచిపెట్టకుండా, ఇంగ్లీషు మీటలతో కొట్టినదాన్ని యూనికోడు తెలుగులోకి మార్చింది. పాత విధానాలలోని పాఠాన్ని యూనికోడుకు మార్చడానికి వెన్న నాగార్జున రాసిన ‘పద్మ’ ఉపయోగపడింది.

ఇక్కడ గమనించవలసినది పనిముట్ల వరుసక్రమం. ప్రతి పనిముట్టు అంతకుముందున్న దానిపై నిలిచింది. దాన్ని తయారు చేసినవారు ముందటివారి అనుమతి కోసమో, ప్రతిఫలం కోసమో ఆగలేదు. వ్రాతప్రతుల కాలంలో ఒక లేఖకుడి ప్రతి మరొక లేఖకుడికి మాతృక అయినట్టు ఇక్కడ ఒకరి పనిముట్టు మరొకరికి మాతృక అయింది.

4. రచ్చబండ నుంచి కూడలి దాకా

లిపి కుదిరాక సంభాషణ విస్తరించింది. 1998లో ప్రారంభమైన ఈమాట అంతర్జాల పత్రిక ప్రవాస రచయితలకే కాక విమర్శకు, ఛందోచర్చకు, భాషాశాస్త్రానికి స్థిరమైన వేదిక అయింది. యాహూ గుంపులలోని రచ్చబండ సాహిత్య వాదోపవాదాలకు నెలవైంది. వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావు నిర్వహించిన ఆంధ్రభారతి ప్రాచీన కావ్యాలను, నిఘంటువులను వెతుక్కునే వీలున్న రూపంలో నిలిపింది. ఈనాడు తెలుగు పరిశోధక విద్యార్థి బ్రౌణ్య నిఘంటువును, సూర్యరాయాంధ్ర నిఘంటువును ఒకే చోట, ఒకే వెతుకులాటతో చూడగలుగుతున్నాడంటే దాని వెనుక ఉన్నది ఈ స్వచ్ఛంద శ్రమే.

2005 తర్వాత బ్లాగులు వచ్చాయి. వాటన్నిటినీ ఒకచోట చూపించే కూడలి 2006లో మొదలైంది. ఈ దశలో సాహిత్య చరిత్రకారుడు పట్టించుకోవలసినది పదసృష్టి. బ్లాగులో వేసే రచనకు ‘టపా’ అన్న పాత మాటను కొత్త అర్థంలో వాడారు. ఒక పుట నుంచి మరొక పుటకు దారి చూపేది ‘లంకె’ అయింది. వికీపీడియాలో రాసేవాడు ‘వాడుకరి’, చిన్న వ్యాసం ‘మొలక’, పలుచోట్ల వాడే అచ్చు ‘మూస’, మార్పు ‘దిద్దుబాటు’. సంస్కృత సమాసాలతో పారిభాషిక పదకోశాలు తయారు చేసిన సంస్థాగత పద్ధతికి ఇది భిన్నమైన దారి. ఈ పదాలు రైతు నోట, బడిపంతులు నోట, తపాలా బంట్రోతు నోట ఉన్నవే. వాడుకలో నిలిచినవి నిలిచాయి, నిలవనివి రాలిపోయాయి. ఏ పదం ఎందుకు నిలిచిందో చెప్పగల చర్చలు ఆనాటి గుంపులలో జరిగాయి. పదవ్యుత్పత్తి చరిత్రకు ఇంత దగ్గరి సాక్ష్యం ముందటి శతాబ్దాల పదాలకు మనకు దొరకదు.

పేర్లను గమనించినా ఒక విషయం తేలుతుంది. రచ్చబండ, కూడలి, లేఖిని అనేవి ఊరి మాటలు, చేతిపని మాటలు. ఊరికి దూరమైన వారు తమ కొత్త చోటుకు ఊరి పేర్లు పెట్టుకున్నారు. వికీపీడియాలో అందరూ కూడి చర్చించే పుటకు కూడా ‘రచ్చబండ’ అనే పేరే స్థిరపడింది. అయితే ఊరి రచ్చబండ మీద ఎవరు కూర్చోగలిగేవారు, ఎవరు నిలబడి వినేవారు అన్న ప్రశ్న ఆ మాటతో పాటే వస్తుంది. ఆ ప్రశ్నను 7వ భాగంలో పరిశీలిద్దాం.

5. వికీపీడియా: పాఠభేదం, ప్రక్షిప్తం

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైంది. మొదటి ఏడాదిన్నర రాసేవారు బహుకొద్దిమంది. లేఖిని, బ్లాగులు, కూడలి ప్రచారంలోకి వచ్చిన తర్వాతనే దానికి వాడుకరులు పెరిగారు. వెనుకటి భాగంలో చెప్పిన సమాజాలు లేకపోతే వికీపీడియాకు తెలుగులో రాయగల చేతులే ఉండేవి కావు.

వికీపీడియా పుట స్వరూపాన్ని పాఠ పరిష్కరణ శాస్త్రం తెలిసినవారు తేలికగా అర్థం చేసుకోగలరు. ప్రతి పుటకు వెనుక దాని చరిత్ర ఉంటుంది. మొదటి వాక్యం నుంచి నిన్నటి కామా దాకా ప్రతి దిద్దుబాటూ తేదీతో, వాడుకరి పేరుతో భద్రంగా ఉంటుంది. అంటే అన్ని పాఠాంతరాలూ లభ్యమయ్యే గ్రంథం ఇది. తాళపత్ర ప్రతులను సరిపోల్చే పరిష్కర్త ఊహించి చెప్పవలసిన అంశాన్ని ఇక్కడ ఎవరైనా నేరుగా చూడవచ్చు. ఆధారం లేని చేర్పు ప్రక్షిప్తం. దాన్ని గుర్తించిన వాడుకరి వెనక్కి తిప్పుతాడు. వివాదం వస్తే పుటకు జోడించి ఉన్న చర్చా పుటలో వాదం నడుస్తుంది. గోలకొండ కవుల సంచికలో సంపాదకుడు చేసిన పని ఇక్కడ చర్చా పుటకు, నియమాలకు, నిర్వాహకులకు మధ్య పంచబడింది.

నియమాల చర్చలో భాషకు సంబంధించిన మౌలిక ప్రశ్నలు తలెత్తాయి. వ్యక్తుల గురించి గౌరవ వాచకాలు లేకుండా ఏకవచనంలో రాయాలన్న నియమం అందులో ఒకటి. తెలుగు సంభాషణలో వయసు, కులం, పదవి, చుట్టరికం అన్నీ సర్వనామంలోనే తేలిపోతాయి. అందరికీ ఒకే సర్వనామం అన్న నిర్ణయం పైకి శైలీ నియమంలా కనిపించినా సారంలో సామాజిక నిర్ణయం. పత్రికల భాషకు, పాఠ్యపుస్తకాల భాషకు భిన్నంగా ఒక స్వచ్ఛంద సమాజం దీన్ని చర్చించి అమలు చేయడం ఆధునిక తెలుగు గద్య చరిత్రలో నమోదు కావలసిన అంశం.

ఈ నమూనా పరిమితులు కూడా తెలిసివచ్చాయి. 2009–2011 మధ్య గూగుల్ సంస్థ పారితోషికంపై అనువాదకులను నియమించి, అనువాద ఉపకరణం సహాయంతో కొన్ని భారతీయ భాషల వికీపీడియాలలో పెద్ద ఇంగ్లీషు వ్యాసాలను చేర్పించింది. తెలుగు కూడా అందులో ఉంది. వాక్య నిర్మాణం కృతకంగా ఉండడంపైన, రాసినవారు సముదాయంతో చర్చలో పాల్గొనకపోవడంపైన బెంగాలీ, తమిళ సముదాయాలు గట్టి అభ్యంతరం చెప్పాయి. వ్యాసాల నిడివి పెరిగినంత మాత్రాన వాటిని కనిపెట్టుకుని ఉండే చేతులు పెరగవని ఈ అనుభవం తెలిపింది. యంత్రానువాదం ఇంకా సులువైన నేటి పరిస్థితిలో ఈ పాఠానికి ప్రాధాన్యం తగ్గలేదు.

6. సారపాక: ఊరు కదలలేదు, హద్దు కదిలింది

తెలుగు వికీపీడియా చేపట్టిన పెద్ద పనులలో గ్రామాల పుటలు ఒకటి. ఊరి ఉనికి, జనాభా, బడి, వైద్యం, తాగునీరు, భూమి వినియోగం, పంటలు అనే అంశాలతో ఈ పుటలు నడుస్తాయి. వీటికి ప్రధాన ఆధారం 2011 జనగణన గ్రామ సమాచారం. కైఫియతుల తర్వాత ప్రతి తెలుగు ఊరికీ తెలుగులో ఒక పుట ఉండాలన్న సంకల్పం ఇంత విస్తృతంగా కనిపించడం ఇక్కడే. సారపాక పరిసరాలు ఈ సంకల్పానికి కఠినమైన పరీక్ష.

సారపాక బూర్గంపాడు మండలంలో గోదావరి కుడి గట్టున ఉంది. ఎదుటి గట్టు భద్రాచలం. నిజాం 1860లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను బ్రిటిషు ప్రభుత్వానికి అప్పగించాడు. అవి మధ్య పరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారాయి. కుడి గట్టు హైదరాబాదు రాజ్యంలోనే ఉండిపోయింది. అంటే దాదాపు 90 ఏళ్లు ఈ రెండు గట్ల రికార్డులు వేరువేరు ప్రభుత్వాల చేతుల్లో, వేరువేరు అధికార భాషలలో తయారయ్యాయి. భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరింది 1959లో. గోదావరిపై వంతెన 1965లో ప్రారంభమైంది. 1979లో సారపాకలో భద్రాచలం పేపర్ బోర్డ్స్ కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. చుట్టూ జామాయిలు, సుబాబుల్ తోటలు పెరిగాయి. పని వెతుక్కుంటూ వచ్చినవారితో ఊరు పట్టణంగా మారింది.

2014లో హద్దు మళ్లీ కదిలింది. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా అదే ఏడాది మే నెలలో వెలువడిన ఆర్డినెన్సు, జులైలో ఆమోదం పొందిన సవరణ చట్టం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను పూర్తిగానో పాక్షికంగానో ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ చేశాయి. బూర్గంపాడు మండలంలో సారపాక, ఇరవెండి, మోతెపట్టినగర్ సహా 12 రెవెన్యూ గ్రామాలు మినహాయింపు పొంది తెలంగాణలో నిలిచాయి. మిగిలినవి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. భద్రాచలం రెవెన్యూ గ్రామం తెలంగాణలో మిగిలితే దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల వంటి ఊళ్లు పొరుగు రాష్ట్రానివయ్యాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాల పునర్వ్యవస్థీకరణతో బదిలీ అయిన మండలాలు అల్లూరి సీతారామరాజు, ఏలూరు జిల్లాలకు పంపకమయ్యాయి.

ఎనిమిదేళ్లలో ఇలా చిరునామాలు మారుతూ వచ్చిన ఊళ్లను అచ్చులో ఉన్న ఏ గ్రంథం వెంబడించగలదు? వికీపీడియా పుట వెంబడించగలిగింది. రాష్ట్రం, జిల్లా, మండలం పేర్లను వాడుకరులు ఒక్కొక్క పుటలో మార్చుకుంటూ వచ్చారు. అంతకంటె ముఖ్యంగా, మార్పుకు ముందున్న పాఠం పుట చరిత్రలో చెరిగిపోకుండా ఉంది. ఒక గ్రామం ఏనాడు ఏ జిల్లాగా రాయబడిందో చూపే రికార్డు అది. సరిహద్దు చరిత్ర రాసేవారికి ఇది విలువైన ఆకరం.

ఈ పుటలు ఎక్కడ ఆగిపోయాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. జనగణన అడిగిన ప్రశ్నలకే అవి జవాబు చెబుతాయి. ఊరికి బడి ఎంత దూరమో చెబుతాయి గాని, హద్దు మారినప్పుడు బడి పిల్లల పాఠ్యపుస్తకం ఏమైందో చెప్పవు. జనగణన సారపాకను పట్టణంగా లెక్కించింది, అదే కాలంలో పరిపాలన దాన్ని గ్రామ పంచాయతీగా నడిపింది. గ్రామాల సమాచారం ఒక దీపికలో, పట్టణాల సమాచారం మరొక దీపికలో ఉండడం వల్ల ఇటువంటి ఊరు గ్రామాల కోసం తయారైన మూసలో సులభంగా ఇమడదు. మెకంజీ ప్రశ్నావళి స్థానంలో జనగణన ప్రశ్నావళి వచ్చింది. ప్రశ్న అడిగే అధికారం ఇంకా ఊరి చేతికి రాలేదు.

7. మూలం లేని జ్ఞానం

వికీపీడియా ప్రతి వాక్యానికీ ప్రచురితమైన ఆధారాన్ని కోరుతుంది. ప్రక్షిప్తాన్ని అడ్డుకోవడానికి ఈ నియమం అవసరమే. కానీ ప్రచురణే లేని జ్ఞానానికి ఇది తలుపు మూస్తుంది. సారపాక చుట్టూ ఉన్న కోయ గూడేలలో వేల్పుల కథలు, వంశ చరిత్రలు, పోడు సేద్యపు తెలివిడి, ఏ రుతువులో ఏ కాయ ఎక్కడ దొరుకుతుందన్న ఎరుక నోటి మాటగా నిలిచినవి. వాటికి పుటసంఖ్య ఉండదు.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య ఈ సమస్యకు తగిన ఉదాహరణ. డోలి, కంచుమేళం, కంచుతాళం సంప్రదాయంలో సమ్మక్క సారలమ్మ తదితర కోయ వీరుల కథలను గానం చేసిన ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన మరణించాడు. పురస్కారంతో పాటు పత్రికలలో ఆయన గురించి వార్తలు విస్తృతంగా వచ్చాయి కనుక ఆయన జీవితానికి ‘మూలాలు’ ఏర్పడ్డాయి. ఆయన గానం చేసిన చరిత్ర అంతకు ఎన్నో తరాల ముందు నుంచే ఉంది. ఢిల్లీలో ఇచ్చిన పతకం దాన్ని అంతర్జాలానికి ఆమోదయోగ్యం చేసింది. పతకం దక్కని గాయకుల కథలకు ఆ దారి కూడా లేదు.

ఈ చిక్కు తెలుగుకే పరిమితం కాదు. 2011లో అచల్ ప్రభల నేతృత్వంలో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని ఉత్తర సోతో భాషలలో ఒక ప్రయోగం జరిగింది. ఊరి ఆటలు, వంటలు, ఆచారాల గురించి తెలిసినవారి మాటలను ధ్వనిముద్రణ చేసి, ఆ ధ్వనినే వికీపీడియా వాక్యానికి ఆధారంగా చూపారు. దీనిపై వికీ సముదాయంలో గట్టి వాదోపవాదాలు జరిగాయి. నియమం మారలేదు గాని మార్గం ఒకటుందని తేలింది. తెలుగు శాఖలలో జానపద వాఙ్మయ పరిశోధకులు దశాబ్దాలుగా చేస్తున్న పని ఇదే. వక్త పేరు, ఊరు, తేదీ, సందర్భం నమోదు చేసి కథనాన్ని సేకరించే క్రమశిక్షణ మనకు ఉంది. దాన్ని అంతర్జాల సమాజంతో కలిపే వంతెన లేదు.

భాష విషయం మరీ సున్నితం. కోయ భాషకు తనదైన వికీపీడియా లేదు. కోయలపై అంతర్జాలంలో తెలుగులో ఉన్నది ఎక్కువగా ఇతరులు రాసినదే. తెలుగు లిపి కోసం ప్రవాసులు పడిన తపన ఎంత గొప్పదో ముందు చూశాం. ఇంగ్లీషు తెరపై తెలుగు ఎదుర్కొన్న స్థితినే తెలుగు తెరపై కోయ ఎదుర్కొంటోంది. తమ భాషకు చోటు అడిగి సాధించిన సమాజం పొరుగు భాషకు చోటు ఎలా ఇస్తుందన్నది ఆ సమాజపు విలువకు కొలమానం.

8. జ్ఞాపకం నిలకడ

అంతర్జాలంలో పెట్టినది శాశ్వతంగా ఉంటుందన్నది ఒక భ్రమ. యాహూ సంస్థ 2019 చివర తన గుంపులలో నిల్వ ఉన్న రచనలను తొలగించి, 2020 డిసెంబరులో సేవను పూర్తిగా మూసివేసింది. ఆ వేదికపై నడిచిన తెలుగు చర్చలలో ఎవరో ఒకరు విడిగా దాచుకున్నవే మిగిలాయి. 2024 ఫిబ్రవరిలో గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్‌తో సంబంధాన్ని తెంచుకుంది. పాత సందేశాలు చూడవచ్చు గాని కొత్త సందేశాలు చేరవు. ఇందుకు భిన్నంగా ఈమాట తన పాత సంచికలను నేటికీ చదవగలిగే స్థితిలో ఉంచింది. తాళపత్రాలను చెదల నుంచి కాపాడినవారి గురించి మన చరిత్రలు చెబుతాయి. ఈ నిల్వలను కాపాడినవారి గురించి కూడా చెప్పవలసిన కాలం వచ్చింది.

నేటి ఊళ్లలో కూడిక ఎక్కువగా వాట్సాప్ గుంపులలో జరుగుతోంది. 2022 జులై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత ఇదే పెద్ద వరద. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని గుర్తుచేసుకుంటే దీని తీవ్రత అర్థమవుతుంది. వంతెనపై రాకపోకలు ఆపేశారు. అటువంటి రోజులలో గంట గంటకూ నీటిమట్టం, మునిగిన దారులు, తెరిచిన పునరావాస కేంద్రాల సమాచారం ఫోన్ల ద్వారానే చేతులు మారుతుంది. అవసరానికి అక్కరకొచ్చే ఈ రాత చరిత్రకు దక్కదు. గుంపు బయటివారు చూడలేరు, ఫోను మారితే పోతుంది, వెతికే వీలు లేదు. వార్తా సమూహాల కాలంలో తెలుగు రాయడం కష్టం, రాసినది బహిరంగం. ఇప్పుడు రాయడం సులభం, రాసినది గుంపు గోడల మధ్యే ఉంటుంది. 1986 వరద జ్ఞాపకాలు పెద్దల నోట ఉన్నాయి. 2022 వరద రాతలు ఫోన్లలో ఉన్నాయి. ఈ రెండింటిలో ఏది ముందు అంతరిస్తుందో చెప్పడం కష్టం.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. అంతర్జాల తెలుగు సమాజాలు కైఫియతులు, గోలకొండ కవుల సంచిక వంటి సమష్టి ప్రయత్నాలకు వారసులు. లిపి, పదజాలం, గద్యశైలి విషయాలలో వారు తీసుకున్న నిర్ణయాలు ఆధునిక తెలుగు భాషా చరిత్రలో భాగం. వికీపీడియా పుట చరిత్ర పాఠ పరిష్కర్తలకు, స్థానిక చరిత్రకారులకు కొత్త ఆకరం. సారపాక పరిసరాల వంటి చోట అది హద్దుల మార్పును నమోదు చేయగలిగింది. ఊరి మాటను, కోయ మాటను మాత్రం అందుకోలేకపోయింది.

అందుకోలేకపోవడంలో తెలుగు శాఖలకు కూడా వాటా ఉంది. గ్రామనామాలపైన, మాండలికాలపైన, జానపద గేయాలపైన, గిరిజన సంస్కృతిపైన మన శాఖలలో పరిశోధనలు చాలా జరిగాయి. వికీపీడియా కోరే ‘మూలం’ అవే. అవి గ్రంథాలయ బీరువాలలో ఉన్నంత కాలం ఊళ్ల పుటలకు జనగణనే ఏకైక మూలమవుతుంది. శోధగంగలోకి ఎక్కిన సిద్ధాంత గ్రంథాలలో కూడా యూనికోడు కాని అను ఖతులలో కూర్చినవి చాలా ఉన్నాయి. వాటి పీడీఎఫ్ ప్రతిలో ఒక ఊరి పేరు వెతికితే దొరకదు. కంటికి తెలుగుగా కనిపించే ఆ అక్షరాలు కంప్యూటరుకు అర్థం లేని గుర్తులు. వేల మైళ్ల దూరాన ఉన్న విద్యార్థులు 30 ఏళ్ల క్రితం పరిష్కరించడానికి పూనుకున్న లిపి సమస్య మన సిద్ధాంత గ్రంథాలలో ఇంకా మిగిలి ఉంది.

కనుక మూడు సూచనలు. సిద్ధాంత గ్రంథాలను, పరిశోధన పత్రికలను యూనికోడులోనే స్వీకరించాలి. క్షేత్ర పరిశోధనలో సేకరించిన ధ్వనిముద్రణలను, వక్తల అనుమతితో, వారి పేర్లతో, అందరూ వినగలిగే చోట ఉంచాలి. మూడవది, గిరిజన గూడేల గురించి రాసేటప్పుడు ఆ గూడేల విద్యార్థులనే సహరచయితలుగా చేర్చుకోవాలి. మొదటిది ఈ విద్యాసంవత్సరంలోనే చేయదగిన పని. రెండవదానికి కొంత వ్యయం, ఎక్కువ నిజాయితీ కావాలి. మూడవది జరిగిననాడు ప్రశ్న అడిగేవారు, జవాబు చెప్పేవారు ఒకే ఊరివారవుతారు. కైఫియతుల కాలం నుంచి మన స్థానిక చరిత్రలో ఉన్న కొరత అప్పుడు తీరడం మొదలవుతుంది.